అరవై ఒక్క రోజులు

ఏప్రిల్ నడిమికి వేట ఆపేస్తారు.
మరబోట్లు జెట్టీ పొడుగునా
ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతాయి.
మా ఐసు ఫ్యాక్టరీలో నాలుగు కంప్రెసర్లకి మూడు మూగబోతాయి.
లెక్కల పుస్తకంలో రాయడానికి
తేదీ తప్ప ఏమీ ఉండదు నాకు.

వెళ్తే అప్పుడే వెళ్లాలి.
అక్కడ కూడా చూపించే బోట్లు
మే నెల సగమయ్యాకే కదులుతాయట.
అలాస్కా అంచున, కొండలు సముద్రంలోకి కాళ్లు చాపుకున్న చోట
మంచు నది విరిగి ఉప్పునీళ్లలో పడుతుందట.
జాతీయ ఉద్యానవనం అని చదివితే
కైలాసగిరి లాంటిదనుకుంది కాసులమ్మ పిన్ని.
"ఉయ్యాలలుంటాయేటి?"

డబ్బు పిన్నిదే.
ముప్పై ఆరేళ్లు పూర్ణా మార్కెట్లో
ఎండు నెత్తళ్లు, సావళ్లు అమ్మి కట్టిన చీటీ.
ఇల్లు బాగుచేసుకోరాదా అన్నారు పేటలో అందరూ.
"ఇల్లేటి, నేడో రేపో గంగమ్మదే" అని
ముడి విప్పి నా ఒళ్లో పెట్టింది.

ఐసు చీటీల వెనక రాస్తున్నాను ప్రయాణమంతా.
వేలిముద్రలకి హైదరాబాదు.
స్వెటర్లు డిసెంబర్లోనే కొనాలి, టిబెట్ వాళ్లు
ఫుట్‌పాత్ మీద ఉండగానే.
మూడు విమానాలు, ఒక రైలు,
ఆరు గంటలు బోటు. వాంతుల మాత్రలు అని రాస్తుంటే
పిన్ని నవ్విన నవ్వుకి
పక్క గదిలో వాచ్‌మెన్ లేచాడు.
ఆ మాట కొట్టేశాను.
నాకొక్కదానికి అని మళ్లీ రాశాను.

ఫోన్లో బొమ్మ చూపించాను.
"నీలం ఐసా? ఎవులు కలిపినారు రంగు?"
ఎవరూ కలపలేదు పిన్నీ, బరువు.
మంచు మీద మంచు వందల ఏళ్లు కూర్చుంటే
లోపలి గాలి పోయి అలా అవుతుంది.
"నా నెత్తి మీద గంప లేదేటి అన్నేళ్లూ,
నాను నీలమైపోనేదే."

వీసా ఆఫీసరు నేను. పిన్ని పిన్నే.
ఎందుకు వెళ్తున్నారు?
"ఐసు సూడ్డానికి బాబూ."
మీ ఊళ్లో లేదా?
"ఉంది. అది మా పిల్ల లెక్కెట్టిన ఐసు.
ఎవులూ లెక్కెట్టనిది సూడాల."
ఆ జవాబు బాగుంది, దాన్నే ఉంచమన్నాను.
బ్యాంకు కాగితం అడిగితే మాత్రం
నా వైపు చూడకూడదు అన్నాను.

ఒక సంగతి చెప్పడానికి రెండు రోజులు ఆగాను.
ఆ మంచు దగ్గరికి నడిచే దారిలో
పలకలు పాతారట, పలక మీద ఏడు.
ఆ ఏట మంచు ఇక్కడిదాకా ఉండేదని.
అమ్మ పుట్టిన ఏటి పలక దాటి
చాలా దూరం నడవాలి ఇంకా.

పిన్ని ఏమీ అనలేదు.
సాయంత్రం నన్ను జాలారిపేట ఒడ్డుకి తీసుకెళ్లి
నీళ్లలోకి వేలు చూపించింది.
"అదిగో, ఆ తెల్ల నురగ కాడ మా అత్త వలలారేసేది.
ఇదిగో, హుద్‌హుద్‌కి ముందు ఈ రాయి మీద కూకునేదాన్ని."
ఏ రాయి? నాకు కనపడలేదు.
ఇక్కడ పలకలు లేవు.
ఆ వేలుంది, గోరు కింద పొలుసుతో.

"అయితే తొరగా ఎల్దుమే" అంది,
ఎటు అనలేదు.

నిన్న రాత్రి షిఫ్టులో వచ్చింది.
చీర మీద మా మావయ్య పాత కోటు,
చెవులకి తువ్వాలు.
చలిగది తలుపు తియ్యమంది.
డబ్బాని తొట్టిలో ముంచినప్పుడు
దిమ్మ గోడ వదిలే చప్పుడొస్తుంది, టక్కుమని.
అక్కడా ఇలాగే ఉంటుందా అంది.
ఇంతకంటే పెద్దదిగా, ఉరుములా, అన్నాను,
నేను విన్నట్టే.

అరచెయ్యి దిమ్మకి ఆనించి
కళ్లు మూసుకుని నిలబడింది.
నేను గడియారం చూస్తూ బయట.
తలుపు కొట్టాను. ఇంకొక్క నిమిషం అంది.

ఈవేళ తేదీ పక్కన రాశాను:
దిమ్మలు, లేవు.
కాసులమ్మ, ఏడు నిమిషాలు.